పన్నెండు జతల స్టిరప్‌లు

ఇంగ్లిష్‌లో నాకు సొంతమైన మాట ఒక్కటే ఉంది. స్టిరప్. మిగతావన్నీ అక్కడా ఇక్కడా ఏరుకున్నవి, అవసరానికి వాడి మరిచిపోయినవి. ఈ ఒక్కటి మాత్రం నాది. దీని అర్థం తెలుసుకోవడానికి పడ్డ పాట్లు పదో తరగతిలో పడి ఉంటే ఫస్టు క్లాసులో పాసయ్యేవాణ్ణి.

పాసవలేదు. పదిలో ఇంగ్లిష్ నన్ను మూడుసార్లు తన్నింది. ఆ సంగతి మా ఊళ్లో కుక్కలకు కూడా తెలుసు గాని సౌదీలో ఎవరికీ తెలియదు. నేను వెళ్లింది రాడ్ బెండింగ్ పనికి. తాయిఫ్‌లో ఒక కంపెనీ క్యాంపు. బల్ల ముందు నిలబడి సన్న సీకులను వంచి, పిల్లరు లోపలి నిలువు సీకులను పట్టి ఉంచే చదరపు రింగులు చేయాలి. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి రింగుల గుట్ట లేచేది. నిద్రలో కూడా నా మణికట్టు తిరుగుతూనే ఉండేదని పక్క మంచం వాళ్లు చెప్పేవారు.

కువైట్ గొడవ మొదలయ్యాక మా స్టోర్‌కీపర్ సెలవు మీద కేరళ వెళ్లాడు. వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఒకరోజు మా ఈజిప్టు ఇంజనీరు మమ్మల్నందరినీ వరుసగా నిలబెట్టి ఇంగ్లిష్ ఎవరికి వచ్చు అని అడిగాడు. ఆ అడగడం ఇంగ్లిష్‌లోనే అడిగాడు. అందులో నాకు ‘ఇంగ్లిష్’ అన్న మాట ఒక్కటి అర్థమైంది, చెయ్యెత్తాను. మిగతావాళ్లకు అదీ అర్థం కాలేదు. అలా నేను స్టోర్‌కీపర్నయ్యాను.

రేకుల షెడ్డు, ఒక కుర్చీ, ఒక టేబులు, నల్ల ఫోను, కాళ్ల దగ్గర హీటరు. తాయిఫ్ కొండల మీది ఊరు, చలికాలం పళ్లు టకటకలాడుతాయి. హీటరు ముందు కూర్చున్న మొదటి రోజే ఇంటికి ఉత్తరం రాశాను, నేను ఆఫీసరునయ్యానని. కొంచెం పెంచి రాసిన మాట నిజమే. దూరం నుంచి రాసే ఉత్తరానికి ఆ మాత్రం పొంగు ఉండాలి.

రెండో పనిగా బావను స్టోరులోకి లాగాను. బావ అంటే నిజం బావ కాదు. మా పక్క ఊరివాడు, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఏ వరసన బావ అయ్యాడో ఇద్దరం ఎప్పుడూ ఆరా తీయలేదు. బావా అంటే ఎగతాళి చేసే హక్కు వస్తుంది, అది చాలు మాకు. సీకు వంచడంలో క్యాంపు మొత్తానికి అతను గురువు. కాని అంతకు ముందటి ఏడాది సీకుల మోపు జారి అతని ఎడమ కాలి మీద పడింది. ఎముక అతికింది గాని పాదం ముందు భాగం పైకి లేవడం మానేసింది. అడుగు వేస్తే వేళ్లు నేలకు రాసుకునేవి, చెప్పు టప్పు టప్పుమని కొట్టుకునేది. అతను ఎక్కడున్నాడో చూడక్కరలేదు, వింటే చాలు.

ఆ కాలి సంగతి బావ ఇంట్లో చెప్పలేదు. ప్రతి ఉత్తరంలోనూ ‘నేను క్షేమం’ అనే రాయించేవాడు.

“కాలు సక్కగైనంకనే పోత బావా,” అనేవాడు. “ఇట్ల ఈడ్సుకుంట బస్సు దిగితే మా ఇంటిది ఆడనే కూలవడ్తది.”

కంపెనీలో మాత్రం అప్పుడు మనుషులను తగ్గిస్తున్నారు. యుద్ధం వస్తుందని సగం పనులు ఆగిపోయాయి. పనికి అక్కరలేని వాళ్ల పేర్లు రాసి ఖురూజ్ కొట్టి పంపేస్తున్నారు. ఖురూజ్ ముద్ర పడితే ఇంటికే, మళ్లీ రావడం కల్ల. కుంటివాడి పేరు ఆ కాగితంలో మొదట ఉంటుందని అందరికీ తెలుసు. నేను ఇంజనీరు దగ్గరికి వెళ్లి బావ లేకపోతే స్టోరు నడవదన్నాను. ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, నువ్వు బాగా పనిచేసినన్నాళ్లు వాడూ ఉంటాడు అన్నాడు. అంటే నా ఇంగ్లిష్ కొసకు బావ కాలు కట్టారన్నమాట. ఎంత గట్టి కొసో నాకొక్కడికే తెలుసు.

చీటీలు చదవడానికి నాకో పద్ధతి ఉండేది. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించడం. ఎన్ అంటే మేకులు, డబ్ల్యూ అంటే వైరు. అసలు అంతుచిక్కకపోతే ‘మాఫీ’ అనేవాణ్ణి. లేదు, అయిపోయింది, రేపు రా. మా స్టోరులో లేని సామానంటూ లేదు, నాకు అర్థం కాని మాటలు తప్ప.

అలాంటి రోజుల్లో దొరికింది స్టిరప్. ఇంజనీరు ఇచ్చిన డ్రాయింగులో పిల్లరు బొమ్మ ఉంది. పిల్లరు లోపల మన రింగు. రింగు దగ్గర నుంచి ఒక బాణం, బాణం కొసకు ఆ మాట. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. నా చేతుల్తో వేలకొద్దీ వంచిన వస్తువుకు ఇంగ్లిష్ పేరు! అంతకుముందు ఏ మాటా నాకు ఇలా ముఖం చూపించలేదు. ఇంజనీరును అడిగితే ‘స్టిరబ్’ అన్నాడు. ఆయన నోట ప పలకదు. ఆయన్ను మనసులోనే దిద్దుకుని, ఆ సాయంత్రానికల్లా క్యాంపంతా చాటించాను. రింగు అనొద్దు, స్టిరప్ అనాలి. బావ పదిసార్లు పలికి ‘ఇస్టిరప్’ దగ్గర ఆగాడు.

జనవరిలో యుద్ధం మొదలైంది. రియాద్ మీద మిసైళ్లు పడుతున్నాయని రేడియోలో చెప్పేవారు. మాకు దూరమే గాని బయటి సరుకు రావడం తగ్గింది. మా కఫీల్‌కు, అంటే కంపెనీ యజమానికి, ఊరి బయట ఒక మజ్రా ఉంది. తోటా, గుర్రాల సాలా అక్కడే. రియాద్‌లో ఉండే ఆయన చుట్టాలంతా పిల్లాపాపలతో ఆ మజ్రాకు వచ్చి చేరారు. బడులు లేవు. పిల్లలు పొద్దస్తమానం గుర్రాలెక్కుతామని గోల. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు తెలిసింది మజ్రా నుంచి వచ్చిన చీటీ ఒక్కటే.

అందులో మొదటి మాటే స్టిరప్స్. పన్నెండు జతలు. కింద చిన్న అక్షరాలతో పెద్దవాళ్లవి పది, పిల్లలవి రెండు అని ఉంది. అర్జెంటు అని గీత కూడా గీశారు. నా ప్రాణం లేచొచ్చింది. మొదటిసారి ఒక చీటీని ఊహించకుండా చదివాను!

“బావా, గుర్రాలకు రింగులెందుకే?” అన్నాడు బావ.

“షెడ్డు కడ్తున్నరు గావచ్చు.”

“మరి పెద్దోళ్లయి, పిల్లలయి అంటే?”

“పెద్ద పిల్లరు, చిన్న పిల్లరు.”

“జతలెందుకు?”

“ఒకటి కింద, ఒకటి మీద. నువ్వు వంచు బావా, సదువు సంగతి నేను జూసుకుంట.”

బావ ఇరవై నాలుగు రింగులు వంచాడు. మూలలు చూస్తే పెళ్లిపీటల అంచులంత నున్నగా ఉన్నాయి. రెండేసి చొప్పున బైండింగ్ వైరుతో కట్టి, మా డ్రైవరు చేతికిచ్చి మజ్రాకు పంపాను. డ్రైవరు హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ముస్లిం. అరబ్బీ తనకు నీళ్లు తాగినట్టు వచ్చని చెప్పుకునేవాడు. నా ఇంగ్లిష్‌కూ ఆయన అరబ్బీకీ చాలా దగ్గరి చుట్టరికం. అది కూడా తర్వాతే తెలిసింది.

మర్నాడు పొద్దున ఫోను మోగింది. ఎత్తితే కఫీల్. అరుపులు. నేను ఫోన్ను చాయ్ తాగడానికి వచ్చిన డ్రైవరుకు అందించాను. ఆయన నిలబడి ‘ఐవా, ఐవా’ అని అవునవునంటూ చెమటలు తుడుచుకున్నాడు. అంత చలిలో చెమటలు.

“ఏమంటుండు?” అన్నాను ఫోను పెట్టేశాక.

“గుస్సల ఉన్నడు భై. రికాబ్, రికాబ్ అంటుండు. రుక్కాబ్ అంటె సవారీలు, టాక్సీల ఎక్కేటోళ్లు. గా పన్నెండు జతల సవారీలను మనమేడ తెస్తం?” ఆయన గడ్డం గోక్కున్నాడు. అంతలో ముఖం వెలిగిపోయింది. “అరె! రికాబీలు! రికాబీలు అడుగుతుండు భై! ఇంటినిండ మెహమాన్లున్నరు గద, తినేటందుకు.”

మా జిల్లాలోనూ రికాబీ అంటే పళ్లెం, చాయ్ సాసరు. ఒక్కసారిగా అంతా కుదిరిపోయింది. పెద్దవాళ్లవి పది జతలు, పిల్లలవి రెండు. పెద్ద రికాబీలు, చిన్న రికాబీలు! పిల్లరు సంగతి నేనే పొరపాటు పడ్డాను, స్టిరప్‌కు పళ్లెం అని ఇంకో అర్థం ఉందన్నమాట. ఇంగ్లిష్ చాలా లోతైన భాష అనుకున్నాను. డ్రైవరును బజారుకు తోలి అంచుకు గులాబీ పూలున్న పింగాణీ రికాబీలు ఇరవై పెద్దవీ, నాలుగు చిన్నవీ తెప్పించి, గడ్డి చుట్టి జాగ్రత్తగా పంపాను.

మధ్యాహ్నానికి కఫీల్ స్వయంగా వచ్చాడు. వెంట ఇంజనీరు. వెనక తలవంచుకుని డ్రైవరు. కఫీల్ నా టేబులు మీద ముందు ఒక రింగు పెట్టాడు. దాని పక్కన ఒక గులాబీ రికాబీ పెట్టాడు. ఆ పక్కన జేబులోంచి తీసి ఇంకొకటి పెట్టాడు. పైన వంపు, కింద చదునైన పట్టీ, ఒక పక్కన విరిగిపోయిన ఇనుప వస్తువు.

“ఏష్ హాదా?” అన్నాడు. ఇదేమిటి అని.

నేను ఇంజనీరు వైపు చూశాను. “స్టిరబ్,” అన్నాడాయన.

అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. కాని నాకు సొంతమైన ఒక్క మాటను కూడా లాక్కుంటుంటే ఎట్లా ఊరుకుంటాను? రింగు పైకెత్తి, “నో సార్. దిస్ స్టిరప్. దట్ నాట్ స్టిరప్,” అన్నాను.

కఫీల్ ఇంజనీరును అడిగాడు. ఇంజనీరు ఇబ్బందిగా కదిలి, రెండూ స్టిరప్‌లేనని ఒప్పుకున్నాడు. గుర్రం మీద కూర్చున్నవాడు కాళ్లు ఆనించుకోవడానికి జీనుకు అటూ ఇటూ వేలాడేది స్టిరప్. అరబ్బీలో దాన్నే రికాబ్ అంటారు. పిల్లరు రింగునూ ఇంగ్లిష్‌లో స్టిరప్ అనే అంటారు. ఇంజనీరు వస్తువులు చూపిస్తూ చెప్పబట్టి అదంతా డ్రైవరుకూ అందింది, నాకు గుసగుసగా చెప్పాడు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. గెలిచాననుకున్నాను. ఆ గెలుపు అర నిమిషం ఉంది.

ఇంజనీరు చీటీ తీసి ‘పిల్లలవి రెండు’ అన్నచోట వేలు పెట్టి, ఇదేమిటన్నాడు.

“స్మాల్ పిల్లర్ సార్.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత మేకుకు గుచ్చిన పాత చీటీలు లాగి ఒక్కొక్కటే చూశాడు. ఒకదాని మీద నేను ‘ఫినిష్’ అని రాసి ఉంది. అది ఉప్పు కాగితం కోసం వచ్చిన చీటీ. ఉప్పు కాగితాల కట్టలు నా వెనకే, నా తలెత్తున ఉన్నాయి. ఇంజనీరు వాటి వైపు చూశాడు. కఫీల్ కూడా చూశాడు. నేను మాత్రం చూడలేదు.

“ఖురూజ్,” అన్నాడు కఫీల్, నా వైపు వేలు పెట్టి. నన్ను బయట నిలబడమన్నారు. బావనూ డ్రైవరునూ లోపలే ఉంచి తలుపు మూశారు.

బయట ఇసుక కుప్ప దగ్గర నిలబడ్డాను. నేను పోతే పోయాను, సీకులు ఎక్కడైనా వంచుకుని బతుకుతాను. నా వెనకే బావ. ఆ పాదం ఈడ్చుకుంటూ బస్సు దిగడం, అతని భార్య చూడడం. నా పొగరు వల్ల అది జరుగుతుంది. సిగ్గుతో చచ్చిపోయాను. లోపలికి వెళ్లి బతిమాలడానికి ఇంగ్లిష్ వాక్యం కూడగడదామంటే ‘ప్లీజ్ సార్’ తర్వాత ఒక్క ముక్క రాలేదు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. కఫీల్ నవ్వుతూ బయటికొచ్చి నా భుజం మీద ఒకటి చరిచి కారెక్కాడు. బజారులో స్టిరప్‌లు దొరకడం లేదని, వచ్చే శుక్రవారానికి పన్నెండు జతలు మా ఇనుముతోనే చేసి ఇవ్వాలని ఇంజనీరు చెప్పాడు. “నువ్వు ఉంటావు,” అన్నాడు. “చీటీలు మాత్రం చదవకు.”

“లోపల ఏమైంది?” అని బావను అడిగాను.

“ఏమైతది? నీ ఇంగ్లిష్ ఇని భయపడ్డరు,” అన్నాడు బావ.

నేను నమ్మాను. రెండూ స్టిరప్‌లేనని ఒప్పించాను కదా మరి! పొగడ్తను అనుమానించే అలవాటు నాకు ముందునుంచీ లేదు.

బావ ఆ విరిగిన స్టిరప్‌ను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. “ఇది రింగే బావా. కింద తొక్కేటందుకు బిల్ల వెట్టిన రింగు. నువ్వు తప్పేం జెప్పలే,” అన్నాడు. లావు సీకు వంచి, పైన తోలుపట్టీ దూరే సందు ఉంచి, అడుగున రేకుబిల్ల వెల్డింగ్ పెట్టించి, ఆకురాయితో అంచులు నున్నగా రుద్దాడు. మొదటిది తయారయ్యాక షెడ్డు దూలానికి బెల్టుతో వేలాడదీశాం. సిమెంటు బస్తాల మీద బస్తాలు వేసి గుర్రం అన్నాం. బావ దాని మీదికెక్కి తన ఎడమ పాదాన్ని ఆ స్టిరప్‌లో పెట్టాడు.

ఏడాదిగా వేలాడుతున్న పాదం సమంగా నిలబడింది. బావ దాన్ని చూస్తూ ఉండిపోయాడు. చాయ్ టైమైనా దిగలేదు.

“బావా, కాలు నిలవడ్డది సూడు,” అన్నాడు.

శుక్రవారానికి ఇరవై నాలుగు స్టిరప్‌లు వెళ్లాయి. బరువెక్కువ గాని జన్మలో విరగవని కఫీల్ మెచ్చుకున్నాడట. తర్వాత బావ ఇరవై ఐదోది మొదలుపెట్టాడు. బూటు అడుగున పట్టే సన్న ఇనుప వంపు, దానికి తోలుపట్టీ, ఆ పట్టీ పైకి వచ్చి మోకాలి కింద బిగుసుకునేటట్టు. మొదటిది చర్మం కోసింది. రెండోది జారిపోయింది. మూడోది కట్టుకుని ఒకరోజు స్టోరు నుంచి మెస్సుకు నడిచాడు. నేను చీటీలు సర్దుతున్నాను. ఏదో తక్కువైనట్టు అనిపించి తలెత్తాను. టప్పు టప్పు చప్పుడు లేదు. నాకు ఏడుపొచ్చింది. కళ్లలో సిమెంటు పడిందని చెప్పాను.

ఆ తర్వాత రెండేళ్లకు బావ ఇంటికి వెళ్లాడు. బూట్లేసుకుని, రెండు చేతుల్లో రెండు సూట్‌కేసులతో, అందరిలాగే నడుస్తూ బస్సు దిగాడు. సాయంత్రం బూట్లు విప్పాక గాని భార్యకు తెలియలేదు. ఆమె కాలి కోసం కాదు, దాచినందుకు తిట్టిందట. వారం రోజులు తిట్టిందట.

నేను ఇంకా చాలా ఏళ్లున్నాను. ఒక డిక్షనరీ కొని నిజంగానే కొంత ఇంగ్లిష్ నేర్చుకున్నాను. అందులో మొదట వెతికింది ఏ మాటో చెప్పనక్కరలేదు. గుర్రం మీద పాదాలు ఆనించుకునేది అని మొదట ఉంది, నా రింగు సంగతి అడుగునెక్కడో ఉంది. మూడో అర్థం రియాద్ ఆసుపత్రిలో తెలిసింది. మూలశంక ఆపరేషన్‌కు వెళ్తే, నర్సమ్మ బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు స్టిరప్స్‌లో పెట్టమంది. నాకు బాగా తెలిసిన మాటే కదా అని ఉత్సాహంగా తలూపాను. రెండు కాళ్లూ రెండు వైపులా గాల్లోకి లేచాక తెలిసింది, ఒక మాటను అన్ని అర్థాల్లోనూ నేర్చుకోవడం మంచిది కాదని.

కిందటేడు డ్రైవరు హైదరాబాద్ నుంచి మా ఊరొచ్చాడు. గడ్డం ముగ్గుబుట్ట అయిపోయింది. బావను కూడా పిలిచాను. ముగ్గురం వాకిట్లో కూర్చున్నాం. మా మనవళ్లు చుట్టూ చేరితే, ఎప్పటిలాగే స్టిరప్ కథ చెప్పాను. రెండూ స్టిరప్‌లేనని నేను వాదించి కఫీల్‌ను ఎలా ఒప్పించానో, ఆ దెబ్బతో నా ఉద్యోగమూ బావ ఉద్యోగమూ ఎలా నిలబడ్డాయో.

డ్రైవరు నవ్వీ నవ్వీ దగ్గాడు. “నువ్వు ఒప్పిచ్చినవా? ఇన్నేండ్లు గదే చెప్పుకుంట తిరుగుతున్నవా భై?” అన్నాడు. “లోపల నేనున్న. కఫీల్ మీ బావతోని ఏమన్నడెరికేనా? నువ్వు ఇనుము వంచుతవు, నువ్వుండు. ఆ బయటోనికి ఖురూజ్ అన్నడు. ఈయన టేబుల్ మీద రికాబ్ దిక్కు సూపిచ్చి, తలుపు దిక్కు సూపిచ్చి, ‘హాదా రికాబ్ మాల్ అనా’ అన్నడు. బయటున్నోడు నా రికాబ్ అని. ‘హాదా రూహ్, అనా రూహ్.’ వాడు పోతె నేను బి పోత అని. కఫీల్ గప్పుడు నవ్విండు.”

ఆ రోజు బావ పాదం నేలకు రాసుకుంటూనే ఉంది. ఇరవై ఐదో స్టిరప్ ఇంకా పుట్టలేదు. వెళ్లిపోవాల్సి వస్తే అలాగే ఈడ్చుకుంటూ బస్సు దిగేవాడు.

బావ వైపు తిరిగాను. “నిజమేనా?”

“గప్పుడే నేర్సుకున్న మాట బావా,” అన్నాడు. “యాడనన్న వాడాలె గద.”

అని చాయ్‌ను రికాబీలోకి ఒంపుకుని, ఊదుకుంటూ తాగాడు.